ఊపిరి తీసుకోమన్న గొంతు నాదే

నిజామాబాద్‌ల నా మొఖం చూసి ఎవలు గుర్తుపట్టకపోతుండె గని, నోరు తెరిస్తే గుర్తుపట్టేటోళ్ళు శానమంది ఉంటుండ్రి. మార్కెట్ల టమాటలు ఏరుకుంట ధర అడిగితే, అమ్మే ముసలామె తలెత్తి "నువ్వు రేడియోల మాట్లాడే అక్కవు గదా" అంటుండె. అన్నాక జర కొసరు వేస్తుండె. ఎఫ్ఎం స్టేషన్ల నేను క్యాజువల్ అనౌన్సర్‌ను. పర్మనెంటు కాదు, పిలిచిన రోజు పోయి మాట్లాడి వచ్చుడే. పసుపుకు దుంపకుళ్ళు వస్తే ఏం మందు కొట్టాలె, కాల్వకు నీళ్ళు ఎప్పుడు ఇడుస్తరు, నడుమ నడుమ పాటలు. ఇదీ నా పని.

మాది కోటగిరి దిక్కు పల్లె. కాల్వ కింద వరి పండించే ఇల్లు. నా గొంతు పుట్టుకతోనే మెత్తన. ఈ గట్టు మీదికెల్లి పిలిస్తే ఆ గట్టుకు ఇనబడదని మా అవ్వ తిడుతుండె. అదే గొంతు టౌన్ల పనికొచ్చింది. మా ఆయనకు బస్టాండ్ దిక్కు మోటర్ వైండింగ్ షాపు ఉంది. మాకు ఒక్కతే బిడ్డ.

రాను రాను స్టేషన్ల పిలుపులు తగ్గినయి. కార్యక్రమాలు చాన మటుకు హైదరాబాద్‌కెల్లే వస్తున్నయి, ఇక్కడ మాట్లాడేందుకు ఏం మిగల్లే. గసుంటప్పుడు హైదరాబాద్‌కెల్లి ఒకాయన ఫోన్ చేసిండు. చిన్న వయసే, మర్యాదగ మాట్లాడిండు. పిల్లల కోసం ధ్యానం యాప్ చేస్తున్నమని చెప్పిండు. ఇంటర్ పిల్లలు, కోచింగ్ పిల్లలు చదువుల ఒత్తిడి తట్టుకోలేకపోతున్నరు, రోజూ కొద్దిసేపు కండ్లు మూసుకొని ఈ యాప్ ఇంటే మనసు తేలికైతది, తెలుగుల చెప్పేందుకు మీ అసుంటి గొంతు కావాలె అన్నడు.

నేను వెంటనే ఒప్పుకున్న. ఎందుకంటే ఇంటర్ రిజల్ట్ రోజు డ్యూటీ పడితే నాకు పొద్దుగాల లేవబుద్ధి కాకపోతుండె. పొద్దుగాల పాసైన పిల్లల ముచ్చట చదివిన నోటితోనే మాపటికి ఎక్కడనో ఫెయిలైన ఎవలో పిల్ల పానం తీసుకున్న వార్త చదవాల్సి వస్తుండె. చదివినంక వెంటనే పాట వెయ్యాలె. ఏ పాట వెయ్యాల్నో తెల్వకపోతుండె. ఆ పిల్లలకు వార్తల్లకు ఎక్కకముందే ఏదన్న ఒక మాట చెప్పే పని దొరికిందనుకున్న.

రికార్డింగ్ హైదరాబాద్‌ల ఒక అపార్ట్‌మెంట్ గదిల అయింది. గోడలకు నల్లటి స్పాంజి అతికిచ్చిండ్రు. రాసిచ్చిన కాయిదం నా చేతుల పెట్టిండ్రు. నేను మా ఇంట్ల మాట్లాడినట్టే మొదలుపెట్టిన. నిమ్మలంగ కూసో బిడ్డా, బుగులైతే అయితది, దాన్నట్ల కాసేపు ఉండనియ్యి అన్న. అవతలి గదిల కూసున్న అమ్మాయి అద్దంలకెల్లి చెయ్యి ఊపింది. బిడ్డా అనద్దట. బుగులు అంటే చాలా మందికి అర్థం కాదట, ఆందోళన అనాలట. నిమ్మలంగ కాదు, ప్రశాంతంగా అనాలట. సరే అని రేడియో భాషకు మారిన. శ్వాసను నెమ్మదిగా లోపలికి తీసుకోండి, మీ ఆలోచనలను మేఘాల్లా గమనించండి అని చదివిన. బాగుందన్నరు. నాకైతే ఎవలితోనూ మాట్లాడుతున్నట్టు అనిపియ్యలే.

అన్నీ అయిపోయినంక నేనే అడిగిన, చివరికి ఒక మాట పెడదామా అని. రాసుకోలే, అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పిన. "ఇంత చేసినా గుండెల బరువు దిగకపోతే లేచిపో. అమ్మకో నాయినకో, ఎవలన్న పెద్దమనిషికో పోయి చెప్పు. చెప్పుకుంటే తప్పు కాదు." అద్దం వెనక అమ్మాయి కండ్లు తుడుచుకున్నది. ఫోన్ చేసిన ఆయన గూడ చాలా బాగుంది మేడమ్ అన్నడు. నేను సంబురంగ బస్సెక్కిన.

ఆ ఏడే మా బిడ్డ పది పాసైంది. మంచి మార్కులొచ్చినయి. మా ఆయనకు దాన్ని డాక్టర్ చెయ్యాలని ఆశ. రోజంత కాలిపోయిన మోటర్ల నడుమ కూసునే మనిషి, బిడ్డ తెల్లకోటు ఏసుకుంటదని అనుకుంటే తప్పేం లేదు. ఇందల్వాయి పోయే దారిల, టౌను దాటినంక ఒక రెసిడెన్షియల్ కాలేజీల చేర్పిచ్చినం. వారానికోసారి, ఐతవారం నాడు గేటు కాడ కలిసి మాట్లాడి రావాలె. ఫోన్లు ఉండయి.

మొదటిసారి చూడబోయినప్పుడే బిడ్డ నవ్వుకుంట ఉరికొచ్చింది. "అమ్మా, నువ్వు రోజూ పొద్దుగాల మా కాలేజీకొస్తున్నవ్" అన్నది. నాకు అర్థం కాలే. వాళ్ళ కాలేజీ ఆ యాప్‌ను తీసుకున్నదట. స్టడీ హాల్ల పెద్ద స్పీకర్ పెట్టి, ఫ్లోర్ ఇన్‌ఛార్జి తన ఫోన్ దానికి తగిలిస్తదట. ఆడపిల్లలందరు కుర్చీలల్ల కూసొని కండ్లు మూసుకుంటరట. మొదటి రోజు నా గొంతు ఇనంగనే మా బిడ్డ ఉలిక్కిపడి కండ్లు తెరిచిందట, ఇది మా అమ్మ అని పక్కపిల్లకు చెప్తే ఆ పిల్ల నమ్మలేదట.

ఆ పక్కపిల్ల బోధన్ దగ్గర క్యాంపు పిల్ల. ఎప్పుడో వాళ్ళ తాతలు కోస్తా దిక్కుకెల్లి వచ్చి కాల్వ కింద భూములు కొనుక్కొని స్థిరపడ్డరు, అసుంటి ఊళ్ళనే ఇక్కడ క్యాంపులంటరు. ఇక్కడనే పుట్టినా మాట మాత్రం ఇంకా అటుదే. ఆ పిల్ల గేటు దాకా వచ్చి, "ఆంటీ, ఒక్కసారి కళ్ళు మూసుకోండి అనండి" అన్నది. నేను రేడియో గొంతు పెట్టి అన్న. అక్కడున్న పిల్లలందరు పక్కున నవ్విండ్రు. ఇంకోటి అనుండ్రి, ఇంకోటి అనుండ్రి అని ఒకటే అడుగుడు. ఆ దినం ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే ఆయన షాపుకొచ్చినోళ్ళందరికి చెప్పుకున్నడు. ఆ పని చేసినందుకు నాకు మిగిలిన సంతోషం అదొక్క ఐతవారమే.

తర్వాత తర్వాత బిడ్డ నవ్వుడు తగ్గింది. సాయంత్రం ఆటలకు ఇచ్చే టైము తీసేసి అప్పుడు గూడ ధ్యానమే పెట్టిండ్రట. ఆడుకుంటే అలసిపోతరు, ధ్యానమైతే అలుపు తీరి రాత్రి దాకా చదువుతరని చెప్పిండ్రట. తలనొస్తుందన్న పిల్లకు ధ్యానం. నెలసరి నొప్పి అన్న పిల్లకు ధ్యానం. నిద్ర పడ్తలేదంటే హెడ్‌ఫోన్ చెవులకు పెట్టి మూలకు కూసోబెడుతున్నరట. డాక్టర్ దగ్గరికి తోలుకపోవుడు మానేసిండ్రు.

నేను హైదరాబాద్‌ల చెప్పిన ఆ చివరి మాట ఇంటున్నరా అని బిడ్డను అడిగిన. గసుంటి మాటేం రాదన్నది. గంట కొట్టినట్టు చప్పుడొచ్చి అయిపోతదన్నది. ఇంటికొచ్చి కంపెనీ ఆయనకు ఫోన్ చేసిన. ఆయన దాచలే. "కాలేజీల వాళ్ళు వద్దన్నారు మేడమ్. స్టడీ అవర్‌లో పిల్లలు లేచి వెళ్ళిపోతే కష్టం అన్నారు. వాళ్ళే కదా మా కస్టమర్లు" అన్నడు. నా మాటలల్ల పిల్లల కోసం చెప్పింది అదొక్కటే. అదే కోసేసిండ్రు.

రెండో ఏడు వచ్చేసరికి బిడ్డ సగమైంది. జడ సన్నబడ్డది. గేటు కాడ నేను తెచ్చిన డబ్బ మూత తీసి, రెండు బుక్కలు తిని, ఆకలైతలేదని మూత పెడుతుండె. ఒక ఐతవారం నా చెయ్యి పట్టుకొని ఇడువలే. లోపలికి పోయే ముందు చెప్పింది.

"నాకు బుగులైతుందమ్మా. పొద్దుగాల నీ గొంతు రాంగనే ఏడుపొస్తది. ఏడిస్తే అందరి ముంగట నిలబెడ్తరు, డిస్టర్బ్ చేస్తున్నవని."

నేను ఆ కాళ్ళతోనే ప్రిన్సిపాల్ గదికి పోయిన. ఆయన కుర్చీ చూపిచ్చిండు, నీళ్ళు తెప్పిచ్చిండు. బిడ్డకు బాగలేదు, కొన్ని రోజులు ఇంటికి తీసుకపోత అన్న. ఆయన కంప్యూటర్ నా దిక్కు తిప్పిండు. పిల్లల పేర్ల పక్కన పచ్చ చుక్కలు. మీ అమ్మాయి ఒక్క సెషన్ గూడ తప్పలేదు, మానసికంగా చాలా బాగుంది, తల్లిదండ్రులే అనవసరంగ భయపడి పిల్లలను భయపెడుతున్నరు అన్నడు. నేను ఇంకా కూసునే ఉంటే, నవ్వి మళ్ళ అన్నడు. "ఇంత మంచి వాయిస్ ఇచ్చింది మీరే కదా మేడమ్. మీకే నమ్మకం లేకపోతే ఎట్లా?"

లేచి బయటికొచ్చిన. ఆయన చెప్పింది నిజమని గాదు. నా గొంతు తీస్కపోయి నాకే అడ్డం పెడ్తడని నేను అనుకోలే.

ఇంట్ల మా ఆయనతోని కొట్లాడిన. ఆయన చెడ్డోడు కాదు. ఇంక కొన్ని నెలలే గదా, అందరి పిల్లలు ఉంటలేరా, ఇప్పుడు తీసుకొస్తే రెండేండ్ల కష్టం మట్టి పాలైతదన్నడు. అట్లంటున్నప్పుడు గూడ ఆయనకు అన్నం లోపటికి పోలే, పల్లెంల కలుపుకుంట కూసున్నడు. మళ్ళ ఐతవారం దాకా చూద్దామనుకున్నం.

ఆ ఐతవారం రాకముందే, పొద్దుగాల ఫోనొచ్చింది. మీ అమ్మాయికి కొంచెం నీరసంగా ఉంది, ఆసుపత్రికి తీసుకొచ్చినం అన్నరు. మేము ఉరికి పోయేసరికి బిడ్డకు గ్లూకోజ్ ఎక్కుతుంది. పెదవులు తెల్లగ పాలిపోయినయి. ఏం జరిగిందని అడిగితే ఇన్‌ఛార్జి నేల చూసింది. బోధన్ పిల్ల అక్కడనే గోడకానుకొని నిలబడ్డది. ఏడ్చి ఏడ్చి మొఖం ఉబ్బింది. ఆ పిల్ల చెప్తే తెలిసింది.

ధ్యానం అయిపోయింది. గంట చప్పుడు వచ్చింది. పిల్లలందరు కండ్లు తెరిచి పుస్తకాలు తీసిండ్రు. మా బిడ్డ మాత్రం కండ్లు మూసుకొని అట్లనే ఉన్నది. పక్కపిల్ల పిలిచింది, పలకలే. ఇన్‌ఛార్జికి చెప్తే, "ఉండనియ్యి, డీప్‌గా పోయింది, మీరు గూడ గట్ల చెయ్యాలె" అన్నదట. మిగిలిన పిల్లలను నోళ్ళు మూసుకొని చదువుకొమ్మన్నదట. మా బిడ్డ స్పృహ తప్పి కూసున్నది, వాళ్ళు దాన్ని మిగిలిన పిల్లలకు ఆదర్శమని చూపిచ్చిండ్రు. చివరికి బోధన్ పిల్ల భుజం పట్టి ఊపితే, కుర్చీలకెల్లి పక్కకు ఒరిగి కింద పడ్డది. ఆ పిల్ల హాలంత దద్దరిల్లేటట్టు అరిచిందట. అరిచింది గనుకనే తీసుకొచ్చిండ్రు.

డాక్టర్ మమ్ముల పక్కకు పిలిచి అడిగింది, ఈ పిల్ల ఎప్పటికెల్లి తింటలేదని. నేను మా ఆయన దిక్కు చూసిన, ఆయన ఇన్‌ఛార్జి దిక్కు చూసిండు. ఎవలకు తెల్వది. రక్తం బాగ తక్కువున్నదన్నది. దానికి మందులిస్త గని, మనసుకు గూడ చూపిచ్చాలె, సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకపోండ్రి అన్నది. మా ఆయన మొఖం మాడింది. బయటికొచ్చినంక, మన పిల్లకు పిచ్చా అని మెల్లగ అడిగిండు. కాదన్న. ఆయన స్కూటర్ మీద తల పెట్టుకొని ఏడ్చిండు. పెండ్లైన కాడికెల్లి ఆయన ఏడ్చుడు నేను చూడలే.

బిడ్డను మళ్ళ కాలేజీకి పంపలే. మా అవ్వ కోటగిరికెల్లి వచ్చి పల్లెకు తీస్కపోయింది. దిష్టి తగిలిందని ఆమె నమ్మకం. కందకుర్తికి తీస్కపోయి, నదులు కలిసే కాడ తానం చేయిపిచ్చింది. సలికి పిల్ల గజగజ వణికింది, జరమొచ్చింది. నేను పోయి మళ్ళ టౌనుకు తెచ్చుకున్న. సర్కారు దవాఖానల మనసు డాక్టర్ రాసిన గోళీలు వేసుకున్నది. అక్కడనే ఒక కౌన్సెలర్ ఉంటుండె, బిడ్డ వారానికోసారి పోయి ఆమె దగ్గర కూసుంటుండె. మొదట్ల ఏం మాట్లాడకపోతుండెనట. ఆమె గూడ మాట్లాడుమని అనకపోతుండెనట. ఎట్లనో మెల్లగ తినుడు మొదలైంది.

ఆ నడుమ నాకు బోధన్ పిల్లను చూడాలనిపిచ్చింది. ఆ పిల్ల లేకుంటే మా బిడ్డ ఆ కుర్చీల ఇంకెంతసేపు ఉండేదో. సంక్రాంతి సెలవులిచ్చిండ్రని తెలిసి బోధన్ బస్సెక్కిన. మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ దాటి, ఆటోల క్యాంపుకు పోయిన. తీరైన ఇల్లు, ముంగట ట్రాక్టర్, పక్కన కాల్వ నీళ్ళు పారుతున్నయి. వాళ్ళ నాయిన మర్యాదగ లోపలికి రమ్మన్నడు, చాయ్ ఇప్పిచ్చిండు. నేను వచ్చిన పని చెప్పిన. మీ బిడ్డ చేసిన మేలు మర్చిపోము, కాలేజీ మీద ఫిర్యాదు ఇద్దామనుకుంటున్న, మీ బిడ్డ చూసింది ఒకసారి చెప్తే చాలన్న.

ఆయన చాయ్ కప్పు దిక్కు చూసుకుంట చెప్పిండు. "మీ బాధ నాకు తెలుసండి. కానీ మా అమ్మాయిని ఇందులోకి లాగొద్దు. ఆ రోజు అరిచినందుకే క్లాసు పాడుచేసిందని వేరే సెక్షన్‌లోకి మార్చేశారు. పరీక్షలయ్యే దాకా దాన్ని ఎవరూ పలకరించకుండా ఉంటే మంచిదండి."

పిల్ల లోపలి గది తలుపు కాడ నిలబడి ఇంటుంది. నా దిక్కు చూసింది, మళ్ళ లోపలికి పోయింది. ఆయన మీద కోపం రాలే. నేను ఆయన స్థానంల ఉంటే ఏం చేద్దునో నాకు తెల్వది. తిరుగు బస్సెక్కిన. ఫిర్యాదు నేనొక్కదాన్నే ఇచ్చిన. విచారణ అన్నరు. కాలేజోళ్ళు ఆ పచ్చ చుక్కలు చూపిచ్చిండ్రు. అనారోగ్యం వల్ల విద్యార్థిని తనంతట తానే మానేసింది అని తేల్చిండ్రు.

కంపెనీ ఆయనకు మళ్ళ ఫోన్ చేసిన. నా గొంతు తీసెయ్యిండ్రి, లేకుంటే ఆ చివరి మాటన్న మళ్ళ పెట్టుండ్రి అన్న. ఆయన ఓపికగ విన్నడు. రికార్డింగ్ అంత తమదేనని, తీసుడు కుదరదని, మీ అమ్మాయి త్వరగా కోలుకోవాలని చెప్పి ఫోన్ పెట్టిండు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, మా పక్కింటి పిల్ల పరీక్షలకు చదువుతుంటే గోడ అవతలికెల్లి నా గొంతు ఇనబడ్డది. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నదాన్ని ఆగిపోయిన. ఏదో పరీక్షల వారం స్పెషల్ అట. "మీరు అలసిపోలేదు. అలసిపోయామని మీ మనసు అనుకుంటోంది, అంతే. మళ్ళీ పుస్తకం తెరవండి" అంటుంది. నేను ఆ మాటలు ఎన్నడు అనలే. ఆ కాయిదం నాకు ఎవలు ఇయ్యలే. గని పలికే గొంతు నాదే. నేను ఊపిరి ఆపే కాడ ఆపుతుంది, నేను తగ్గించే కాడ తగ్గిస్తుంది. నేను చదివిన రికార్డింగులకెల్లి మిషన్ నా గొంతు నేర్చుకున్నదన్నట్టు. ఇగ కాలేజీలోళ్ళు ఏం చెప్పమంటే అది చెప్తది, నన్ను అడిగే పనిలేదు.

గోడ మీదికెల్లి వంగి ఆ పిల్లకు చెప్పిన, అది నేను కాదు బిడ్డా, ఆ మాటలు ఇనకు, అలసిపోతే పండుకో అని. ఆ పిల్ల పాపం ఫోన్ ఆపి, మీ గొంతే కదా ఆంటీ అన్నది. బట్టలు అట్లనే ఇడిచిపెట్టి కిందికి దిగొచ్చిన.

ధ్యానం అబద్ధమని నేను అంటలేను. ఊపిరి మీద దృష్టి పెడితే గుండె నిమ్మళిస్తది, నాకు తెలుసు. గని ఆకలైన పిల్లకు అన్నం పెట్టాలె, నిద్రలేని పిల్లను పండుకోనియ్యాలె, ఏడ్చే పిల్లను ఎందుకేడుస్తున్నవని అడగాలె. ఈ మూడు చెయ్యకుండ తప్పిచ్చుకునేందుకు వాళ్ళకు ఒక మెత్తటి గొంతు కావాల్సి వచ్చింది, నాది దొరికింది. రిజల్ట్ వచ్చినంక బస్టాండ్ కాడ కాలేజీ ఫ్లెక్సీ పెట్టిండ్రు. అందుల బోధన్ పిల్ల ఫొటో ఉంది. మొఖం పీక్కపోయింది. కింద పెద్ద అక్షరాలతోని, ఒత్తిడి లేని చదువు అని రాసిండ్రు.

మా బిడ్డ మరుసటేడు ప్రైవేటుగ పరీక్ష రాసి పాసైంది. ఇప్పుడు టౌన్ల సర్కారు కాలేజీల డిగ్రీ చదువుతుంది. డాక్టర్ ముచ్చట మా ఇంట్ల ఎవలు ఎత్తరు. తింటది, నవ్వుతది, అప్పుడప్పుడు రెండు రోజులు ఎవలితోని మాట్లాడదు. ఇంకా గోళీలు వేసుకుంటనే ఉన్నది. నేను రేడియోకు పోవుడు బందు పెట్టిన. పిలిస్తే గూడ పోలే.

ఒకనాడు దాని తలకు నూనె పెట్టుకుంట ఏదో అడుగుతున్న. ఏం అడిగిన్నో గూడ యాదికి లేదు, తిన్నవా, నిద్ర పట్టిందా, గసుంటిదే. దాని భుజాలు బిగుసుకపోయినయి. నా చెయ్యి పట్టి ఆపింది.

"అమ్మా, నాతోని గట్ల మెల్లగ మాట్లాడకు" అన్నది.

అప్పటికెల్లి ఇంట్ల నేను గట్టిగనే మాట్లాడుత. గిన్నె ఎక్కడ పెట్టినవే అని వంటింట్లకెల్లి అరుస్త. అది గూడ లోపలికెల్లి అరుస్తది. మొదట్ల నాకు గొంతు నొస్తుండె, ఇప్పుడు అలవాటైంది. గల్లీలోళ్ళు మేము రోజూ కొట్లాడుకుంటమని అనుకుంటరు.